కాలిపోయిన రిజిష్టర్లు, కాలిపోని రక్తసంబంధము

శతవార్షికోత్సవము వచ్చినదంటే పాత గుడులలోని బీరువాలు తెరుచుకుంటాయి. బాప్తిస్మపు రిజిష్టరు, వివాహపు రిజిష్టరు, సమాధుల రిజిష్టరు బల్లమీదికి వస్తాయి. చెదలు తిన్న అంచులు, వెలిసిపోయిన సిరా, పాతకాలపు గుండ్రని దస్తూరి. వాటి చుట్టూ సంఘస్థులు మూగి, "మా తాతగారి పేరు ఉన్నదేమో చూడండి అయ్యగారూ" అని అడుగుతారు. పేరు దొరికినవారు దానిని వేలితో తడిమి చూస్తారు. దొరకనివారు ఏమీ అనకుండ వెనుకకు జరుగుతారు. ఆ మౌనము మేము చూచినదే.

పేరు దొరకకపోవుట చిన్న సంగతి కాదు. బబులోను చెర నుండి తిరిగివచ్చినవారిలో కొన్ని యాజక కుటుంబములవారు తమ వంశావళి కొరకు పుస్తకములో వెదకగా, అది కనబడనందున యాజకత్వము నుండి తొలగింపబడిన సంగతి ఎజ్రా గ్రంథము రెండవ అధ్యాయములో ఉన్నది. పుస్తకములో పేరు లేనందుకే వారు తమ స్థానమును కోల్పోయారు.

ఇక్కడ మేము వ్రాయబోవునది ఒక దూరదేశపు రిజిష్టర్ల కథ. ఐర్లండు దేశములో ఏడు శతాబ్దాల కాగితములు ఒక్క రోజులో కాలిపోయినవి. ఆ కాగితములతో పాటు తాతముత్తాతల జాడ పోగొట్టుకున్నవారు ఈనాడు తమ ఉమ్ములోని డి.ఎన్.ఏ. సాయముతో వారిని వెదకుతున్నారు. రక్తము ఎంతవరకు సాక్ష్యమిస్తుంది? పుస్తకము ఎంతవరకు సాక్ష్యమిస్తుంది? ఈ రెండు ప్రశ్నలు రిజిష్టర్లు గల ప్రతి సంఘమునకు సంబంధించినవే.

1922 జూన్ 30

డబ్లిను నగరములో లిఫీ నది ఒడ్డున ఫోర్ కోర్ట్స్ అనే న్యాయస్థానముల భవనములున్నవి. ఐర్లండు ప్రభుత్వపు పాత దస్తావేజుల కార్యాలయము ఆ ఆవరణలోనే ఉండేది. పదమూడవ శతాబ్దము మొదలుకొని వీలునామాలు, కోర్టు తీర్పులు, భూమి పత్రములు, జనాభా లెక్కలు అన్నియు అక్కడ భద్రపరచబడినవి. అందులో ఏమేమి ఉన్నవో తెలుపుచు, ఆ కార్యాలయపు అధికారి హెర్బర్ట్ వుడ్ 1919లో ఒక పెద్ద సూచిక గ్రంథమును ప్రచురించాడు. అది అచ్చయిన మూడేండ్లకే దానిలో చెప్పబడినవాటిలో అధికభాగము బూడిదైనది.

ఇంగ్లండుతో 1921 డిసెంబరులో చేసికొన్న ఒడంబడికను అంగీకరించినవారికి, అంగీకరించనివారికి మధ్య అంతర్యుద్ధము పుట్టినది. అంగీకరించనివారు 1922 ఏప్రిల్‌లో ఫోర్ కోర్ట్స్‌ను ఆక్రమించి, దస్తావేజుల భవనములో మందుగుండు సామగ్రి నిలువచేశారు. జూన్ 28న కొత్త ప్రభుత్వపు సేన ఫిరంగులు పేల్చినది. 30వ తేదీన పెద్ద ప్రేలుడు సంభవించి, భవనము అంటుకొన్నది. సగము కాలిన కాగితపు ముక్కలు నగరము మీద ఎగిరి, వీధులలో రాలినవి.

1821, 1831, 1841, 1851 సంవత్సరముల జనాభా లెక్కల పత్రములు, కొద్ది తునకలు తప్ప, ఆ మంటలలో పోయినవి. 1861, 1871 లెక్కల పత్రములను అంకెలు తీసికొన్న వెంటనే ప్రభుత్వమే నాశనము చేయించినది. 1881, 1891 లెక్కల పత్రములను మొదటి ప్రపంచ యుద్ధకాలములో గుజ్జు చేసి తిరిగి కాగితముగా వాడుకొన్నారు. అందువలన ఐర్లండులో పూర్తిగా మిగిలిన మొదటి జనాభా లెక్క 1901 నాటిది. అంతకు ముందటి నూరేండ్లలో ఏ ఇంట ఎవరు నివసించారో చెప్పగల ముఖ్యమైన సాక్షి నోరు మూసికొన్నది.

జాగ్రత్త చేసిన కీడు

సంఘస్థులు ప్రత్యేకముగా గమనింపదగిన సంగతి ఇందులో ఒకటి ఉన్నది. ఐర్లండులో ఆంగ్లికను సంఘము చాలకాలము ప్రభుత్వ సంఘముగా ఉండెను. 1869 నాటి చట్టముతో ఆ హోదా తీసివేయబడి, అది 1871 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చినది. తరువాత 1875, 1876 చట్టముల ప్రకారము ఆ సంఘపు పాత రిజిష్టర్లు ప్రభుత్వ దస్తావేజులుగా ప్రకటింపబడినవి. వాటిని క్షేమముగా దాచుటకు తగిన ఏర్పాటు లేని పారిష్‌లు డబ్లినుకు పంపవలెనని ఉత్తరువైనది. చెదలు, చెమ్మ, ఎలుకలు, అజాగ్రత్త వీటినుండి కాపాడవలెనన్నది ఉద్దేశము. మంచి ఉద్దేశమే. కాని పంపినవారి పుస్తకములు 1922లో కాలిపోయినవి. తమయొద్దనే ఉంచుకొనుటకు అనుమతి పొందినవారివి, పంపకముందే నకలు వ్రాసికొన్నవారివి మిగిలినవి. మొత్తము మీద ఆ సంఘపు పాత రిజిష్టర్లలో సగమునకు మించి నశించినవి.

రోమను కథోలిక రిజిష్టర్లను మాత్రము ప్రభుత్వము తనవిగా లెక్కింపలేదు. అందువలన అవి పల్లె గుడులలోనే ఉండిపోయి, ఆ మంటలను తప్పించుకొన్నవి. అయితే కథోలికుల మీద కఠినమైన చట్టములు నడచిన దేశము కనుక, ముఖ్యముగా పడమటి ప్రాంతములలో అనేక గుడుల రిజిష్టర్లు పందొమ్మిదవ శతాబ్దములోనే మొదలవుతాయి. వాటిలో శిశువు పేరు, తండ్రి పేరు, తల్లి పుట్టింటి పేరు, జ్ఞానతండ్రి, జ్ఞానతల్లి పేర్లు సాధారణముగా ఉంటాయి. కొన్నింటిలో ఊరి పేరు కూడ ఉంటుంది. ఐర్లండు జాతీయ గ్రంథాలయము వీటిని ఏనాడో ఫిల్ము తీయించి, 2015 జూలైలో అందరూ ఇంటినుండే చూచుకొనునట్లు ఉచితముగా తెరచినది.

ప్రభుత్వము జనన మరణములను అందరికి నమోదు చేయుట 1864లో ఆరంభమైనది. అంతకు ముందటివారి కొరకు గుడి రిజిష్టర్లతో పాటు రెండు పన్ను పుస్తకములు దిక్కు. 1823 మొదలు 1837 వరకు వ్రాసిన దశమభాగపు పన్ను పుస్తకము ఒకటి. 1847 మొదలు 1864 వరకు రిచర్డ్ గ్రిఫిత్ అనే అధికారి ఆధ్వర్యమున జరిగిన ఇండ్ల, భూముల వెలకట్టు పుస్తకము రెండవది. రెండింటిలోను ఇంటి యజమాని పేరే తప్ప భార్యాబిడ్డల పేర్లు లేవు.

కరువు, ఓడలు, ఒకే పేర్లు

ఇంత కష్టపడి వెదకేవారు ఎవరు? ఎక్కువమంది ఐర్లండు వెలుపలివారు. 1841లో ఆ దేశపు జనాభా 81 లక్షలకు పైన. 1845లో బంగాళాదుంప పంటకు తెగులు సోకినది. బీదలకు అదే అన్నము, అదే కూర. 1852 వరకు సాగిన ఆ కరువులో సుమారు పది లక్షలమంది చనిపోయారు. అంతకు మించినవారు ఓడలెక్కి అమెరికా, కెనడా, ఇంగ్లండు, ఆస్ట్రేలియా దేశములకు పోయారు. 1851 లెక్కకు జనాభా 65 లక్షలకు దిగినది. వలస ఆ తరువాత కూడ ఆగలేదు.

ఓడ దిగినవారిని "ఎక్కడినుండి?" అని అడిగితే "ఐర్లండు" అని వ్రాయించారు. ఊరి పేరు వ్రాసినవారు తక్కువ. ఐర్లండులో టౌన్‌లాండు అని పిలువబడు చిన్న చిన్న గ్రామఖండములు 60,000కు పైగా ఉన్నవి. వాటిలో ఏది తమదో మనుమలకు తెలియదు.

పేర్ల సంగతి మరొక చిక్కు. తెలుగువారివలె వారును తాత పేరు మనుమనికి పెట్టుకుంటారు. పెద్దకొడుకుకు తండ్రి తండ్రి పేరు, రెండవవానికి తల్లి తండ్రి పేరు, పెద్ద కూతురికి తల్లి తల్లి పేరు పెట్టుట అనేక కుటుంబములలో ఆచారము. అందుచేత నలుగురు అన్నదమ్ములు నాలుగిండ్లు కడితే నాలుగిండ్లలోను అదే పేరుగల పెద్దకొడుకు. ఇంటిపేర్లు చూడబోతే మర్ఫీ, కెల్లీ, ర్యాన్ వంటివి వేలకొలది. మర్ఫీ అనే ఇంటిపేరు వేర్వేరు ప్రాంతములలో వేర్వేరుగా పుట్టినది కనుక, ఇద్దరు మర్ఫీలు చుట్టములు కావలెనని లేదు. ఒకే పారిష్‌లో ఒకే పేరుగలవారు అయిదుగురుంటే, తన ముత్తాత ఎవరో కాగితము చెప్పలేదు. ఇక్కడే డి.ఎన్.ఏ. రంగములోనికి వచ్చినది.

మూడు విధముల పరీక్ష

మనుష్యుని గుర్తించుటకు డి.ఎన్.ఏ.ను వాడవచ్చునని 1984లో ఇంగ్లండులోని లెస్టరు విశ్వవిద్యాలయములో అలెక్ జెఫ్రీస్ కనిపెట్టాడు. మన హైదరాబాదులోని సి.సి.ఎం.బి.లో డాక్టరు లాల్జీ సింగ్ గారు ఆ విద్యను మన దేశములో స్థాపించిన సంగతి పాఠకులు ఎరుగుదురు. వంశము వెదకుటకు వాడే పరీక్షలు మూడు విధములు.

మొదటిది వై క్రోమోసోము పరీక్ష. ఇది తండ్రినుండి కొడుకుకు మాత్రమే వస్తుంది. అంటే మన ఇంటిపేరు నడచు దారినే నడుస్తుంది. ఒకే ఇంటిపేరుగల ఇద్దరు పురుషులు ఒక తండ్రి సంతతివారా, కారా అన్నది దీనివలన తేలుతుంది. రెండవది మైటోకాండ్రియా పరీక్ష. ఇది తల్లినుండి బిడ్డలందరికి వస్తుంది గాని, తరువాతి తరమునకు కూతుళ్ళ ద్వారానే పోతుంది. చాల నెమ్మదిగా మారును గనుక దగ్గరి చుట్టరికము తేల్చుటకు దీని ఉపయోగము తక్కువ.

మూడవదియే ఎక్కువమంది చేయించుకొనునది. ఇది తల్లి వైపు, తండ్రి వైపు వచ్చిన మొత్తము డి.ఎన్.ఏ.ను చూచు పరీక్ష. చిన్న గొట్టములో ఉమ్మిగాని, బుగ్గ లోపల పుల్లతో తుడిచిగాని పంపితే, కంపెనీవారు దానిని తమయొద్ద నున్న లక్షలమంది డి.ఎన్.ఏ.తో పోల్చి, ఎవరితో ఎంత కలిసినదో తెలుపుతారు. ఆ కొలతకు సెంటీమోర్గాన్ అని పేరు. తల్లిదండ్రులలో ఒక్కొక్కరితో సుమారు 3,400 కలుస్తాయి.

మన వరుసలలో చెప్పవలెనంటే లెక్క ఇట్లుంటుంది. తండ్రులు అన్నదమ్ములైతే, వారి బిడ్డల మధ్య సగటున ఎనిమిదవ వంతు కలుస్తుంది. తాతలు అన్నదమ్ములైతే 32వ వంతు. ముత్తాతలు అన్నదమ్ములైతే 128వ వంతు. కొలతలో ఇది 70 సెంటీమోర్గాన్లకు అటూ ఇటూ. అయితే ఇది సగటు మాత్రమే. బిడ్డకు తండ్రిలో ఏ సగము వచ్చునో ముందుగా చెప్పలేము. అందువలన ముత్తాతలు అన్నదమ్ములైన వారిలో నూటికి పదిమందికి కొలువదగినంత ఏమియు కలియదు. మరియొక తరము దూరమైతే సగముమందికి కలియదు. కలియలేదు గనుక చుట్టము కాడనుట తప్పు.

ఒక ఉదాహరణ

పని ఎట్లు జరుగునో తెలియుటకు ఒక ఊహాజనితమైన ఉదాహరణ చెప్పుకొందము. బోస్టను నగరములో కెల్లీల ఇంటి ఆడపడుచు ఒకామె ఉన్నదనుకొందము. తన ముత్తాత కరువు కాలములో ఐర్లండునుండి వచ్చాడని మాత్రమే ఆమెకు తెలుసు. ఆమె పరీక్ష చేయించుకొనగా, ఐర్లండులో రాస్కామన్ జిల్లా రైతు ఒకనితో 70 సెంటీమోర్గాన్లు కలిసినవి. ఆస్ట్రేలియాలోని మరొకామెతో 60 కలిసినవి. ఆ ఇద్దరికి ఒకరితో ఒకరికి కూడ కలిసినది. ముగ్గురికి మూలమొకటే అయియుండవచ్చునని ఇక్కడ తోచుచున్నది.

ఇంతవరకు రక్తము పని. ఇక కాగితము పని. ఆ రైతు కుటుంబము ఎన్నో తరములనుండి ఒకే టౌన్‌లాండులో ఉన్నది. గ్రిఫిత్ పుస్తకములో అక్కడ ఒక కెల్లీ ఇల్లున్నది. ఆ పారిష్ బాప్తిస్మపు రిజిష్టరు తెరువగా, ఆ ఇంట ముగ్గురు బిడ్డలు: ఒకడు ఊరిలో మిగిలిన రైతు ముత్తాత; ఒకడు బోస్టను ఆమె ముత్తాత పేరు, వయస్సు గలవాడు; ఒకతె ఆస్ట్రేలియాకు పోయిన చెల్లెలు. జ్ఞానతల్లి ఇంటిపేరు బోస్టను ఇంటి పాత ఉత్తరములలో కూడ కనబడుచున్నది. అప్పుడు గాని ఇది మా ఊరు, వీరు మావారు అని చెప్పుటకు వీలులేదు.

మూడు దేశములలో ముగ్గురు చుట్టములున్నారని డి.ఎన్.ఏ. చెప్పినది. వారి మూలపురుషుని పేరు, ఊరు చెప్పినది ఒక పల్లెగుడి రిజిష్టరు. ఆ దినమున బాప్తిస్మమిచ్చి, పేర్లు శ్రద్ధగా వ్రాసిన గురువుగారికి ఈ సంగతి ఎన్నడును తెలియదు.

తొందరపడి నమ్మరాని మాటలు

ఈ పరీక్షల పేరిట ప్రచారమయ్యే మాటలన్నియు నమ్మదగినవి కావు. 2006లో డబ్లిను ట్రినిటీ కళాశాల శాస్త్రజ్ఞులు వాయవ్య ఐర్లండు పురుషులలో అయిదింట ఒకరికి దగ్గరి పోలికగల ఒకే విధమైన వై క్రోమోసోము ఉన్నట్లు కనుగొన్నారు. అయిదవ శతాబ్దపు రాజుగా చెప్పబడు తొమ్మిది బందీల నియాల్ సంతతి వీరే కావచ్చునని సూచించారు. వెంటనే నేను నియాల్ రాజు వంశస్థుడనని చెప్పుకొనేవారు లోకమంతట పుట్టుకొచ్చారు. తరువాత మరింత సూక్ష్మమైన పరీక్షలు రాగా, ఆ శాఖ నియాల్ కాలముకంటె పాతదని అంచనాలు వచ్చినవి. అది స్కాట్లండులో కూడ విస్తారముగా ఉన్నది. పోల్చి చూచుటకు నియాల్ ఎముకలు ఎవరియొద్దను లేవు. ఆ మనుష్యులు పరస్పరము దూరపు దాయాదులన్నది నిజము. ఆ మూలపురుషుడు నియాల్ అన్నది మాత్రము కథ.

మీరు ఇంత శాతము ఐరిష్ అని కంపెనీలు ఇచ్చు లెక్క కూడ అట్టిదే. అది ఆ కంపెనీ యొద్దనున్న నమూనాలతో పోల్చి చెప్పు అంచనా. నమూనాలు పెరిగినప్పుడు శాతము మారును. ఒకే మనిషి ఈ యేడు ఎక్కువ ఐరిష్, వచ్చే యేడు ఎక్కువ స్కాటిష్ కావచ్చును.

శాస్త్రజ్ఞులు ఇంతకంటె జాగ్రత్తగా నడిచారు. 2017లో ప్రకటింపబడిన ఐరిష్ డి.ఎన్.ఏ. అట్లాస్ అనే పరిశోధనలో, తాతమ్మల, ముత్తాతల ఎనిమిదిమంది జన్మస్థలములును 50 కిలోమీటర్ల లోపల ఉన్నవారినే తీసికొన్నారు. వారి డి.ఎన్.ఏ. పోల్చగా దేశములో పది గుంపులు కనబడినవి. ఏడు పాత గేలిక్ ప్రజలవి. మూడు, బ్రిటను నుండి వచ్చినవారితో కలిసినవి. ఆ గుంపుల హద్దులు చాలవరకు మన్‌స్టర్, కొనాట్, లెన్‌స్టర్, అల్‌స్టర్ అనే పాత రాజ్యముల హద్దులను పోలియున్నవి. అది ఒక ప్రాంతపు చరిత్ర. ఒక ఇంటి చరిత్ర మాత్రము అందులో లేదు.

మరియొక మోసము పల్లెటూళ్ళలో పొంచియుంటుంది. దీవులలోను, మారుమూల ఊళ్ళలోను తరతరములుగా ఆ పది ఇండ్లవారే ఒకరితో ఒకరు వియ్యమందుతారు. అప్పుడు దూరపు చుట్టము కూడ లెక్కలో దగ్గరివాడుగా కనబడతాడు. మేనరికములున్న తెలుగు ఇండ్లలో ఎవరైన ఈ పరీక్ష చేయించుకొంటే వారికిని ఇదే తికమక కలుగును. మేనమామ భర్తయైనచోట బిడ్డకు తల్లి దారిలోను, తండ్రి దారిలోను ఒకే తాతమ్మ రక్తము వచ్చును గదా. సెంటీమోర్గాన్ల పట్టికతో సరిపెట్టుకొనక, ఇంటి వరుసలు తెలిసిన పెద్దలను అడుగుట తప్పదు.

పేరున్నది, మనిషి లేడు

ఇంతవరకు చెప్పినది కాగితము పోయి, రక్తము మిగిలిన కథ. ఐర్లండులోనే దీనికి తలక్రిందులైన కథలున్నవి.

1916 మే 9న థామస్ కెంట్ అనే స్వాతంత్ర్య యోధుని బ్రిటిషువారు కార్క్ నగరములో కాల్చి చంపి, చెరసాల ఆవరణలోనే పాతిపెట్టారు. పేరు చరిత్రలో నిలిచినది గాని, దేహమెక్కడ ఉన్నదో నిశ్చయముగా తెలియదు. 2015లో అక్కడ త్రవ్వగా ఎముకలు బయటపడినవి. ఆయన అన్నదమ్ముల బిడ్డలు అప్పటికి వృద్ధురాండ్రు. వారి డి.ఎన్.ఏ.తో పోల్చి, డబ్లిను విశ్వవిద్యాలయ కళాశాల శాస్త్రజ్ఞులు అవి ఆయనవేనని తేల్చారు. 99 సంవత్సరములకు, 2015 సెప్టెంబరు 18న, ప్రభుత్వ లాంఛనములతో స్వగ్రామమైన క్యాసిల్‌లయన్స్‌లో ఆయనను సమాధి చేశారు.

అది ఒక వీరుని కథ. ఇప్పుడు చెప్పబోవునది పసిబిడ్డల కథ. దీనిని చెప్పక దాటవేయుట సంఘ చరిత్ర వ్రాయువారికి తగదని మా అభిప్రాయము.

వివాహము కాకుండ గర్భవతులైన ఆడపిల్లలను ఐర్లండులో తల్లీబిడ్డల ఆశ్రమములకు పంపేవారు. వాటిలో అనేకము కన్యస్త్రీల చేతిలో ఉండేవి. గాల్వే జిల్లా ట్యూమ్ పట్టణములోని ఆశ్రమము 1925 నుండి 1961 వరకు నడచినది. ఆ ఊరి గృహిణి, స్థానిక చరిత్రకారిణి కేథరిన్ కార్లెస్ అక్కడ మరణించిన బిడ్డల మరణ ధృవపత్రములను సంపాదించి జాబితా తయారుచేసింది. 796 పేర్లు తేలినవి. కాని వారి సమాధుల రిజిష్టరు లేదు. ఆమె మాట మొదట చాలమంది నమ్మలేదు. ప్రభుత్వ విచారణ సంఘము అక్కడ త్రవ్వించి, భూమి క్రింది గదులలో పసిబిడ్డల ఎముకలు విస్తారముగా ఉన్నవని 2017 మార్చిలో ప్రకటించినది. 2021 జనవరిలో ఆ సంఘము ఇచ్చిన తుది నివేదిక ప్రకారము, విచారణకు వచ్చిన 18 సంస్థలలో మరణించిన బిడ్డలు సుమారు 9,000. ఐర్లండు ప్రధానమంత్రి శాసనసభలో క్షమాపణ చెప్పాడు. ట్యూమ్ ఆశ్రమమును నడిపిన కన్యస్త్రీల సంఘము కూడ క్షమాపణ చెప్పినది. 2022లో అందుకొరకు ప్రత్యేక చట్టము చేసి, 2025 జూలైలో పూర్తి త్రవ్వకము ఆరంభించారు. ముసలివారైన తోబుట్టువులు తమ డి.ఎన్.ఏ. నమూనాలిస్తున్నారు, చెల్లెలి ఎముకలలో ఒక్కటైన తేలితే, పేరుతో సమాధి చేసికొనవలెనని వారి కోరిక.

ఫోర్ కోర్ట్స్ మంటలలో పేర్లు పోయి, రక్తము మిగిలినది. ట్యూమ్‌లో పేర్లు మిగిలి, ఏ ఎముక ఎవరిదో తెలియదు.

పుస్తకమే అబద్ధమాడినచోటు ఇంకొకటి. ఐర్లండులో దత్తత చట్టము 1952లో వచ్చినది. అంతకు ముందును, తరువాతను అనేకమంది బిడ్డలను తల్లులనుండి వేరుచేసి ఇతరులకిచ్చారు. రెండువేలమందికి పైగా అమెరికాకు పంపబడినారు. ఒక దత్తత సంస్థ పాత కాగితములలో, పెంచినవారినే కన్నవారుగా జనన రిజిష్టరులో వ్రాయించిన 126 సంగతులు బయటపడినట్లు 2018 మేలో ప్రకటింపబడినది. ఆ బిడ్డలు తమ జనన పత్రమును ఎంత చూచినను నిజము తెలియదు. అనేకులకు నిజము తెలిపినది డి.ఎన్.ఏ. పరీక్షయే: ఎన్నడు చూడని ఒకరి పేరు, దగ్గరి చుట్టముగా ఎదుట నిలిచినది. 2022లో వచ్చిన చట్టముతో గాని, దత్తుపోయినవారికి తమ జనన వివరములు పొందు హక్కు ఐర్లండులో కలుగలేదు.

తెరచిన తలుపు

ఈ పరీక్ష వలన మేలే గాని చేటు లేదని మేము చెప్పజాలము. ఒకరు పరీక్ష చేయించుకొంటే అన్నదమ్ముల రహస్యము, అమ్మమ్మ దుఃఖము కూడ బయటపడవచ్చును. వారిని ఎవరు అడిగారు? ఒక తల్లి యాభై యేండ్లు ఎవరికీ చెప్పక మోసిన బరువును, ఒక కంప్యూటరు తెర మీద మనుమడు చూడవలసి వచ్చును. ఇక ఈ సమాచారమంతయు వ్యాపార సంస్థల చేతిలో ఉన్నది. ఒక పెద్ద అమెరికను కంపెనీ నుండి 2023లో సుమారు 69 లక్షలమంది వివరములు దొంగిలింపబడినవి. ఆ కంపెనీయే 2025 మార్చిలో దివాలా కోర్టుకెక్కినది. రహస్యపు మాట మార్చుకొనవచ్చును గాని, రక్తమును మార్చుకొనలేము. కనుక పరీక్ష చేయించుకొనువారు ముందుగా ఇంటివారితో మాట్లాడుట, ఏమి తేలినను ఓర్చుకొనగలమా అని ఆలోచించుట మంచిది. ఇంటిలో వయోవృద్ధులు సమ్మతించినచో వారిచేతనే చేయించుట మేలు. వారు ఒక తరము వెనుకనున్నారు గనుక పూర్వుల అంశము వారిలో ఎక్కువ.

మన బల్లమీది పుస్తకము

2022 జూన్‌లో, ఆ అగ్నిప్రమాదమునకు నూరేండ్లు నిండిన తరుణమున, ట్రినిటీ కళాశాలవారు మరికొన్ని సంస్థలతో కలిసి, కాలిపోయిన దస్తావేజుల శాలను కంప్యూటరులో తిరిగి నిర్మించారు. ఇతర దేశములలోను, ఇతర గ్రంథాలయములలోను మిగిలిన నకళ్ళను వెదకి, హెర్బర్ట్ వుడ్ సూచిక ప్రకారము ఏ అరలో ఏ పుస్తకముండెనో ఆ అరలోనే పెట్టుచున్నారు. ఏనాడో ఎవరో తీరిక చేసికొని వ్రాసిపెట్టిన నకలే ఈనాడు మూలమైనది.

ఈ ఐర్లండు కథ నుండి మన సంఘములు నేర్చుకొనవలసినవి రెండు. రిజిష్టరు ఒక్కచోటనే ఉండరాదు. గుడిలో ఒకటి, దాని ఫొటో నకలు మరొకచోట ఉండవలెను. చెదలకు, వరదకు, నిప్పుకు మన గుడులు అతీతము కావు. తల్లి పుట్టింటి పేరు, ఊరి పేరు, జ్ఞానతల్లిదండ్రుల పేర్లు వ్రాయక వదలివేయుట నేటి గుమాస్తాకు రెండు నిముషముల ఆదా. నూరేండ్ల తరువాత ఒక మనుమనికి తెగిపోయిన దారి.

రెండవది ఇంకను ముఖ్యము. రిజిష్టరులో నిజమే వ్రాయవలెను. పెండ్లి కాని తల్లి బిడ్డ అయినను, విడువబడిన బిడ్డ అయినను, తల్లి పేరు తెలియని బిడ్డ అయినను, ఆ బిడ్డకు ఒక వరుస ఉండవలెను. ఏ సిగ్గు వలననైన ఒక పేరును వ్రాయక విడిచితే, ఒకనాడు రక్తము వచ్చి అడుగును. ఆనాడు పుస్తకమునకు జవాబుండవలెను.

అయ్యగారి బల్లమీద రిజిష్టరు ఇంకను తెరచియున్నది. పేరు దొరకక వెనుకకు జరిగిన ఆ సంఘస్థునితో మేము అనదలచిన మాట ఇది: అయ్యా, ఇంటికి పోయి మీ ఇంట పెద్దవారిని అడగండి. వారి అమ్మ పేరు, అమ్మమ్మ పేరు, పుట్టిన ఊరు అడిగి ఒక కాగితము మీద వ్రాసి తీసికొనిరండి. అది ఈ బీరువాలో భద్రముగా ఉంచుదము. నూరేండ్ల తరువాత మీ పేరు వెదకుచు వచ్చువాడు ఉత్తచేతులతో వెళ్ళకుండును గాక.